తొమ్మిది కాని తొమ్మిది

పోయిన వారం వనితను స్టాఫ్ రూములో ఒంటరిగా వదిలేసి వచ్చాం. చేతిలో రెండు ఆన్సర్ షీట్లు, నాలుగింటికల్లా ఇవ్వాల్సిన రిపోర్టు. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం ముందు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వచ్చే ఓ ప్రైవేటు బడిలో వనిత లెక్కల టీచరు. ఏటా ఫిబ్రవరిలో అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలకు స్కాలర్‌షిప్ పరీక్ష పెడతారు. మొదటి ర్యాంకు వచ్చినవాళ్లకు పదో తరగతి దాకా ఉచితంగా చదువు, మంచి టీచర్లున్న ఫౌండేషన్ సెక్షన్లో సీటు. ఈసారి ఇద్దరికి తొంభై ఆరేసి మార్కులు వచ్చాయి. ఒకమ్మాయి హైందవి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ నడిపే రామ్మోహనరావు గారి కూతురు, కాపురం శ్రీనగర్ కాలనీలో. రెండో అమ్మాయి ఆస్మిత కున్వర్. అదే శ్రీనగర్ కాలనీలో, అదే అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయిన కర్ణ బహదూర్ కూతురు. నేపాల్లో అచ్ఛాం జిల్లా వాళ్లది. అక్కడ ఆరో తరగతి పాసై వచ్చిన పిల్లను, ఇక్కడి భాష రాదు గనక మన బడి నాలుగో తరగతిలో కూర్చోబెట్టింది. అందుకే ఎనిమిదిలోనే పదిహేనేళ్లు నిండాయి.

ఇద్దరి జవాబులూ అచ్చు గుద్దినట్టు ఒకటే. పన్నెండో లెక్కలో చేసిన తప్పుతో సహా. ఎవరు ఎవరిని చూసి రాశారో ప్రిన్సిపాల్ రత్నమాల గారికి మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. ఇక లెక్కల టీచరు సంతకంతో రిపోర్టు ఒక్కటే కావాలి. అది అందితే సోమవారం ఆస్మితకు టీసీ. దాని మీద కాపీ కొట్టిందని రాస్తే చుట్టుపక్కల ఏ బడీ తీసుకోదు. అదీ సంగతి. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం, గంట ఒకటి దాటింది.

వనితకు కోపం రావాల్సింది, కానీ ముందు కుతూహలం వచ్చింది. అది ఆమెకు చిన్నప్పటి జబ్బు. పిల్లలు లెక్క తప్పితే అందరు టీచర్లూ ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి ముందుకు పోతారు. ఈవిడ మాత్రం ఆ తప్పు ఏ సందులోంచి నడిచి వచ్చిందో చూడాలంటుంది. ఒప్పు అందరికీ ఒక్కటే, తప్పుకే ఇంటిపేరు ఉంటుంది అని క్లాసులో చెబుతుంది కూడా. అలా చెప్పినప్పుడు పిల్లలు నవ్వుతారు గానీ, ఇవాళ ఆ మాట ఆమెకే పనికొచ్చింది.

ఆ బడిలో ఆన్సర్ షీటుకు కుడిపక్కన ఒక నిలువు గీత కొట్టి, రఫ్ వర్క్ చేసుకోవడానికి జాగా వదులుతారు. వనిత జవాబులు వదిలేసి ఆ జాగా చూడటం మొదలుపెట్టింది. ఆస్మిత రఫ్ వర్కు రఫ్‌గానే ఉంది. కొట్టివేతలు, గీకుళ్లు, ఒకచోట పెన్ను ఒత్తి చించేసిన చిన్న చిల్లు. హైందవిది మాత్రం పెళ్లి శుభలేఖలాగా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. ఇరవై రెండేళ్లకు బీఈడీ చేసి పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్న వనిత, కొట్టివేత లేని రఫ్ వర్కు ఇంతవరకు చూడలేదు.

నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. చతురస్రంగా ఉన్న పొలం, ఒక్కో వైపు 236 మీటర్లు, చుట్టూ కంచె వెయ్యాలి. మొదటి మెట్టు సులువు, 236ను నాలుగుతో గుణించాలి. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, నాలుగు వేసి రెండు పైన. నాలుగు మూళ్లు పన్నెండు, రెండు కలిపితే పధ్నాలుగు, నాలుగు వేసి ఒకటి పైన. నాలుగు రెళ్లు ఎనిమిది, ఒకటి కలిపితే తొమ్మిది. మొత్తం 944. ఇద్దరూ 944 అనే రాశారు, అది ఒప్పే.

కానీ హైందవి రఫ్ వర్కులో, పైన ఒకటి ఉండాల్సిన చోట చక్కగా, గుండ్రంగా తొమ్మిది ఉంది.

వనిత కళ్లద్దాలు తీసి, చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. పైన తొమ్మిది ఉంటే ఎనిమిదీ తొమ్మిదీ పదిహేడు, అప్పుడు జవాబు 1744 రావాలి. రాలేదు. అంటే ఈ పిల్ల పైన తొమ్మిది రాసింది గానీ కలపలేదు. కలపని అంకె రాయడం దేనికి?

ఆస్మిత పేపర్లో అదే చోట చూసింది. అక్కడా తొమ్మిదిలాంటిదే ఒకటుంది. అయితే తల చిన్నది, తోక పక్కకు వంగింది. పేజీలన్నీ తిప్పింది. ఆ పిల్ల పైన ఒకటి వేయాల్సిన ప్రతిచోటా ఈ తొమ్మిదే వేసింది. పైన నాలుగు వేయాల్సిన చోట తల తెరుచుకున్న ఎనిమిదిలాంటిది వేసింది. గీత కింద జవాబుల్లో మాత్రం మామూలు అంకెలే. ఇలాంటి తొమ్మిదిని తాను ఎక్కడో చూసింది. ఎక్కడ అన్నది తట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. బోరబండ సర్కారు బడిలో, ఆరో తరగతిలో, హిందీ వాచకంలో పేజీ నంబర్లు. మొదటి పేజీ అడుగున ఉండేది ఈ తొమ్మిదే. అది తొమ్మిది కాదు, హిందీ ఒకటి. నేపాలీవాళ్లకీ అంకెలు అవే.

ఆస్మిత రాసింది ఒకటి. హైందవి దాన్ని తొమ్మిది అనుకుంది. ఇక ఎవరు ఎవరిని చూసి రాశారో చెప్పడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. వనిత ఆ రెండు పేపర్లూ పట్టుకుని మెట్లు రెండేసి దిగుతూ ప్రిన్సిపాల్ గదికి పోయింది.

రత్నమాల గారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే మన కథ సులువుగా ఉండేది. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటోంది, ఫీజు కట్టలేని పిల్లల్ని ఎండలో నిలబెట్టదు, ఆయాలకు పండక్కి చీరలు పెడుతుంది. వనిత చెప్పిందంతా విని, టీ తెప్పించి, సొరుగులోంచి సీటింగ్ ప్లాన్ తీసి బల్ల మీద పరిచింది. హైందవి కిటికీ పక్క వరుసలో మొదటి బెంచీ. ఆస్మిత అదే వరుసలో మూడో బెంచీ.

"ముందు కూర్చున్న పిల్ల వెనక్కి తిరిగి పదిహేను లెక్కలు ఎలా ఎక్కించిందమ్మా? ఆ గదిలో ఉన్నది నువ్వే. తిరగడం చూశావా?" అని అడిగింది.

వనిత చూడలేదు. పరీక్షంతసేపూ హైందవి తల ఎత్తలేదు, ఆ సంగతి ఆమెకు బాగా గుర్తుంది.

రత్నమాల గారు మెత్తగానే మాట్లాడింది. ఆగస్టు పరీక్షలో ఆస్మితకు ముప్పై ఎనిమిది వచ్చాయి, ఆరు నెలల్లో తొంభై ఆరెలా అవుతాయి అంది. హైందవి తండ్రి కాబట్టి కాదు గానీ, రామ్మోహనరావు గారు పరీక్ష పేపరు కూడా తన సెంటర్ వాళ్లచేత తయారు చేయించి, నాలుగేళ్లుగా పైసా తీసుకోకుండా ఇస్తున్నారు, ఆ కుటుంబానికి దొంగతనం చెయ్యాల్సిన ఖర్మ ఏంటి అంది. ఆ తర్వాత, టీ కప్పు పక్కన పెడుతూ, మనసులో మాట చెప్పింది.

"నేపాలీ వాళ్లు నిజాయితీపరులు, కాదనను. వాళ్లని గేటు దగ్గర పెట్టుకుంటే మనం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. కష్టం చేస్తారు. కానీ లెక్కలంటే వేరు కదమ్మా. దానికి ఇంట్లో ఒక వాతావరణం ఉండాలి."

ఇలాంటి మాట వనిత ఇదివరకు విన్నది. అప్పుడు అది నేపాలీ వాళ్ల గురించి కాదు. ఆమె తండ్రి రాజనర్సయ్య పాలమూరు నుంచి స్లాబులు పోసే పనికి వచ్చి బోరబండలో గుడిసె వేసుకున్నాడు. డిగ్రీ కాలేజీలో మొదటి రోజు వనిత 'నేను కూడా' అనడానికి బదులు 'నేను సుత' అన్నందుకు క్లాసంతా నవ్వింది, లెక్చరర్‌తో సహా. ఆ సాయంత్రమే ఆమె 'సుత'ను, 'గట్ల'ను ఇంట్లో వదిలేసి, బయటికి వేరే తెలుగు కట్టుకుని రావడం నేర్చుకుంది. పన్నెండేళ్లుగా బడిలో ఎవరికీ ఆమెది బోరబండ అని తెలియదు. అది దాచుకోవడం తనకు సిగ్గనిపిస్తుందా అంటే, అవును, అనిపిస్తుంది. అయినా దాస్తుంది.

నాలుగింటికి వస్తానని చెప్పి బయటికొచ్చి ఆటో ఎక్కింది. ముందు బెంచీకి కళ్లు వెనక ఉండవు. మరి ఆ తొమ్మిది అంత దూరం ఎలా నడిచింది? రెండు నిజాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే ఇంకెవరైనా విసుక్కుంటారు. వనితకు మాత్రం ఆటోలో కూర్చున్నంతసేపూ ఒళ్లు నిలవలేదు.

శ్రీనగర్ కాలనీలో ఆ అపార్ట్‌మెంటు గేటు పక్కన మంగవ్వ ఇస్త్రీ బండి ఉంటుంది. టీచరమ్మను చూడగానే పెట్టె పక్కన పెట్టి, అడక్కుండానే అన్నీ చెప్పేసింది. పిల్ల రెండు దినాల నుంచి సరిగా తినడం లేదు. కర్ణ బహదూర్ మంగళవారం ఢిల్లీ రైలుకు టికెట్లు తీశాడు. అచ్ఛాంలో నానమ్మ దగ్గర వదిలేసి వస్తాడట. అక్కడ హైస్కూలు కొండ దిగి రెండు గంటలు నడిస్తే గానీ రాదు, వానాకాలం అదీ లేదు. తల్లి పై ఫ్లాట్లలో గిన్నెలు తోముతోంది, తండ్రి పంపు వెయ్యడానికి పోయాడు.

వాచ్‌మన్ గది సెల్లార్లో, కార్ల వెనక. ఆస్మిత బయట సిమెంటు గట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. టీచర్ని చూసి చప్పున లేచి నిలబడింది. వనిత తన బడి తెలుగులో చాలా ప్రేమగానే అడిగింది. పరీక్షలో ఏం జరిగిందో భయపడకుండా చెప్పమంది. ఆ పిల్ల అన్నిటికీ 'యెస్ మేడమ్', 'నో మేడమ్' అంటూ చేటలోకే చూస్తోంది. నాలుగేళ్లుగా క్లాసులో ఆమె నోట వనిత విన్న మాటలు ఆ రెండే. ఈ పిల్లకు తెలుగు రాదని స్టాఫ్ రూములో అందరి నమ్మకం.

వనిత ఇక ప్రశ్నలు మాని, పేపరు తీసి ఆ చిన్న అంకె మీద వేలు పెట్టింది. ఆస్మిత మొహంలో రంగు పోయింది. అంతవరకూ ఏమీ చెప్పని పిల్ల, తప్పు చేశానేమోనన్న భయంతో టీచర్ వంక చూసింది. ఆ చూపుకు వనిత కట్టుకొచ్చిన తెలుగు జారిపోయింది.

"భయపడకు బిడ్డా. ఇది తప్పు గాదు. గిట్ల రాసుడు నీకు ఎవలు నేర్పిండ్రు?"

ఆస్మిత రెప్ప వేయలేదు. టీచర్ ఇలా మాట్లాడగలదని ఆమె కలలో కూడా అనుకోలేదు. మెల్లగా నోరు విప్పింది. అచ్చం మంగవ్వ యాసలో.

"ఎవలు నేర్పలే టీచర్. మా ఊరి బడిల గట్లనే రాస్తం. గీడికి వచ్చినంక కింద రాసేటివి మార్చుకున్న. పైన రాసేటివి మార్చుకోలే."

"ఎందుకు మార్చుకోలే?"

"కింద రాసేటివి మీ కోసం. పైన రాసేటివి నా కోసమే గద."

వనిత ఆ గట్టు మీదే, బియ్యం చేట పక్కన కూర్చుండిపోయింది. ఈ పిల్ల తెలుగు రాని పిల్ల కాదు. ఇస్త్రీ బండి దగ్గర నేర్చుకున్న తెలుగు బడిలో మాట్లాడితే ఒకసారి నవ్వారట, ఐదో తరగతిలో. మొహం చూసి ఒకరు చైనా అన్నారట, మాట విని ఇంకొకరు పనిమనిషి అన్నారట. అప్పటి నుంచి యెస్ మేడమ్, నో మేడమ్. పదహారేళ్ల కిందట తాను చేసిన పనే ఈ పిల్ల పదకొండేళ్లకే చేసింది. కాకపోతే వనితకు కట్టుకోవడానికి ఇంకో తెలుగు దొరికింది, ఆస్మితకు మౌనం తప్ప ఏం దొరకలేదు.

తర్వాతి సంగతులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆగస్టులో ముప్పై ఎనిమిది ఎందుకొచ్చాయంటే లెక్కలు రాక కాదు, ఇంగ్లీషులో ప్రశ్న ఏం అడుగుతోందో తేలేసరికి గంట గడిచిపోయేది. దసరా తర్వాత నుంచి సాయంత్రాలు హైందవి కిందికి రావడం మొదలుపెట్టింది. హైందవి ప్రశ్న చదివి తెలుగులో చెప్పేది, ఆస్మిత లెక్క చేసేది. ఒకరి దగ్గర భాష ఉంది, ఇంకొకరి దగ్గర లెక్క ఉంది. ఇద్దరూ కలిస్తే ఒక మంచి విద్యార్థి. వనితకు నవ్వు వచ్చింది. ఇన్నాళ్లూ ఈ పరీక్షలన్నీ ఏం కొలిచినట్టు?

"పరీక్ష ముందు వారం ఒక పేపర్ తెచ్చింది. పదిహేను లెక్కలు. అన్నీ నోట్‌బుక్కుల చేసిచ్చిన. నోట్‌బుక్కు తీస్కపోయింది," అంది ఆస్మిత.

వనిత చెవులు రిక్కించింది. ఏ పేపరు అని అడిగేలోపు, మెట్ల మలుపు దగ్గర ఎవరో ఏడుస్తున్న చప్పుడైంది. హైందవి. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో, చున్నీ చివరంతా తడిసి ఉంది. వనిత రమ్మంటే వచ్చి, చెయ్యి జారిన తాడులాగా ఒక్కసారిగా అంతా చెప్పేసింది. హాల్లో తాను ఎవరినీ చూడలేదు. చూడాల్సిన పనే లేదు. నోట్‌బుక్కులో ఉన్నదంతా ఒక్కోటి పదేసిసార్లు రాసి బట్టీ పట్టింది.

"మరి ఈ తొమ్మిది?" అంది వనిత.

"పక్కన ఉన్నవి కూడా స్టెప్సే అనుకున్నాను మేడమ్. వదిలేస్తే మార్కులు కట్ చేస్తారని అవీ నేర్చుకున్నాను. తొమ్మిది ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. అర్థం కానివి చాలా ఉంటాయి కదా, అన్నీ అలాగే నేర్చుకుంటాను."

అమీర్‌పేటలో రోజుకు మూడు బ్యాచులు, ఇంటికొచ్చి ఒక ట్యూషను, ఆదివారం మాక్ టెస్టు. అంత చదువు చదివి ఆ పిల్ల ఒకటినీ తొమ్మిదినీ ఒకే భక్తితో మింగేసింది. మనం అక్కసుతో నవ్వుకోవచ్చు. వనిత నవ్వలేదు, ఎందుకంటే ఆ పిల్లకు లెక్కలు చెప్పే టీచరు తనే.

"ఆ పేపరు నీకు ఎక్కడిది హైందవీ?"

"నాన్న టేబుల్ మీద ఉంది. మోడల్ పేపరేమో అనుకున్నాను." అంటూ ఆగింది. తల వంచుకుంది. "లేదు మేడమ్. అనుకోలేదు. నాకు తెలుసు."

పేపరు పుట్టిన ఇంట్లోనే ఒక పిల్ల ఆ పరీక్ష రాస్తోందని నాలుగేళ్ల అలవాటులో ఎవరికీ తోచలేదు. ఆ ఇంటి గేటు దగ్గరుండే పిల్ల మీద మాత్రం అందరికీ ఒకేసారి అనుమానం వచ్చింది. వనితకు ఇప్పుడు కోపం వచ్చింది. వచ్చిన కోపం లేచి నిలబడే లోపే ఒక తెల్ల కారు ర్యాంపు దిగి, వాళ్ల ముందు ఆగింది.

రామ్మోహనరావు గారు దిగారు. యాభై ఏళ్ల మనిషి, గుంటూరు నుంచి ఒక సూట్‌కేసుతో వచ్చి అమీర్‌పేటలో అద్దెగదిలో ట్యూషన్లు చెప్పి పైకొచ్చినవాడు. కూతురి ఏడుపు మొహం, టీచరు చేతిలో పేపర్లు, వాచ్‌మన్ కూతురు, మూడూ చూశాక ఆయనకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. అయినా హైందవే చెప్పింది. ఆయన కూతురి మీద చెయ్యెత్తలేదు, అరవలేదు. కారు బానెట్ మీద చెయ్యి ఆనించి, నేల చూస్తూ, టేబుల్ మీద పేపరు వదిలెయ్యడం తన తప్పేనని ఒప్పుకున్నారు. ఆ మాట నిజంగానే అన్నారు, అందులో నటన లేదు. అప్పుడు తల ఎత్తారు. అమీర్‌పేటలో ఊరికే అంత సెంటర్ కట్టలేదు కదా మరి.

"టీచర్ గారూ, మీరు ఉన్నదున్నట్టు రాయండి, నేను అడ్డుపడను. మా అమ్మాయి పేపరు ముందే చూసింది. ఈ అమ్మాయి కూడా చూసింది. చూడటమేంటి, కూర్చుని మొత్తం చేసింది. కాపీ కాదు, సరే. కానీ తెలిసిన పేపరే కదా ఇద్దరూ రాసింది? మా అమ్మాయికి సీటు వద్దు. మరి ఈ అమ్మాయికి మాత్రం ఎలా ఇస్తారు?"

వనిత మధ్యాహ్నం నుంచి ఒక్కో గింజా ఏరుకుంటూ వచ్చిన నిజం, కాపీ మరకను కడిగేసి, ఆ చేత్తోనే సీటు కూడా లాగేసుకునేట్టుంది. ఆయన మాటలో అన్యాయం ఎక్కడుందో వెతికింది. దొరకలేదు.

ఆయన ఆస్మిత వైపు తిరిగారు. గొంతు కటువుగా లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. "హాల్లో పేపరు చూడగానే గుర్తుపట్టి ఉంటావు కదమ్మా. ఇది నేను ముందే చేసిన పేపరని ఒక్క మాట చెప్పుంటే నిన్ను వేలెత్తి చూపేవాడు ఉండేవాడు కాదు. ఎందుకు చెప్పలేదు?"

ఇది వనిత కూడా అడగాల్సిన ప్రశ్నే. ఇందాకటి నుంచి గొంతులో ఉన్నదే. ఆమె కూడా ఆస్మిత వైపు చూసింది.

ఆస్మిత చేతిలోని బియ్యపు గింజలు చేటలోకి వదిలేసింది. గొంతు వినీవినిపించనట్టు ఉంది.

"చెప్దామనే చెయ్యి లేపిన సార్."

"ఎప్పుడు?"

"పేపర్ ఇయ్యంగనే. టీచర్ నా దగ్గరికి వచ్చిండ్రు. నేను నోరు తెరవకముందే నా భుజం మీద చెయ్యేసి, 'అర్థం కాలేదా, ఫర్వాలేదు, కంగారు పడకు, నీకు వచ్చినంత రాయి' అన్నరు. మళ్ల లేపిన. దూరం నుంచే కూర్చోమని సైగ చేసిండ్రు."

సెల్లార్లో నీళ్ల పంపు ఆగిపోయింది. వనితకు ఆ చెయ్యి గుర్తొచ్చింది. కిటికీ పక్క వరుస, మూడో బెంచీ, రెండుసార్లు లేచిన సన్నటి చెయ్యి. పాపం నేపాలీ పిల్ల, ఇంగ్లీషు ప్రశ్న అర్థమై ఉండదు అనుకుంది. జాలిపడింది. ఆ జాలికి ఆ రోజంతా తన మీద తనకు ఎంత ముచ్చటేసిందో కూడా గుర్తొచ్చింది. రత్నమాల గారి గదిలో విన్న మాటకు ఒళ్లు మండింది గానీ, తాను చేసింది వేరే ఏముంది? ఆవిడ నోటితో అంది, తాను చేత్తో చేసింది.

"టీచరంటే ఏ టీచరు? ఆ రోజు మీ గదిలో ఎవరున్నారు?" రామ్మోహనరావు గారి గొంతు మారింది. ఆయనకు ఇప్పుడు ఒక దారి కనిపించింది. "పేరు చెప్పమ్మా. నువ్వు చెప్పడానికి ప్రయత్నించావని ఆ టీచరు ఒప్పుకుంటే నీ తప్పు ఏమీ లేనట్టే. నేనే వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను."

హైందవి చప్పున వనిత వంక చూసి, కళ్లు దించుకుంది. ఆస్మిత మాత్రం ఎవరి వంకా చూడలేదు. పైన తల్లి, మంగళవారం రైలు, కొండ దిగితే రెండు గంటల నడక, అన్నీ ఆ పిల్లకు తెలుసు. తన యాసలో తనతో మాట్లాడిన మొదటి టీచరు ఎవరో కూడా ఇవాళే తెలిసింది. చేట అంచు మీద వేలితో గీస్తూ నిలబడింది.

"యాదికి లేదు సార్," అంది.

పదిహేను లెక్కలూ తప్పుతో సహా గుర్తున్న పిల్ల ఆ మాట అంది. రామ్మోహనరావు గారు నమ్మారో లేదో, నిట్టూర్చి లిఫ్టు వైపు నడిచారు. ఇక ఆ లేచిన చెయ్యి సంగతీ, ఆ పేరూ, రెండూ తెలిసినవాళ్లు ముగ్గురు. ఇద్దరు పిల్లలు, వాళ్లిద్దరూ చెప్పరు. మూడో మనిషి బ్యాగులో ఫోను మోగుతోంది. రిపోర్టు కోసం రత్నమాల గారు.